కంటికి దెబ్బ తగిలితే మొదటి రోజే ముఖ్యం

(పెద్దదోర్నాలలో గూడేల యువతతో మాట్లాడిన మాటలకు రాత రూపం)

పొద్దుటి నుంచి పట్టాల గురించి, అడవి మీద హక్కుల గురించి మాట్లాడుకున్నాం. నేను కంటి గురించి మాట్లాడతాను. ఇంత పెద్ద సమస్యలుంటే మధ్యలో కన్నేంది అని మీలో కొందరికి అనిపించొచ్చు. చివరిదాకా వినండి, అది కూడా హక్కుల మాటేనని మీకే తెలుస్తుంది.

నేను డాక్టర్ని కాదు. గూడేలు తిరిగే ఆరోగ్య కార్యకర్తని. ముందు నా తప్పు ఒకటి చెప్పుకుని మొదలుపెడతాను.

మా మామ ఒకాయన తపసి జిగురుకి అడవిలోకి పోయి తిరిగి వస్తున్నాడు. ముందు నడిచేవాడు పక్కకి వంచి వదిలిన రేగుకంప వెనక్కి లేచి ఈయన మొహానికి కొట్టింది. సాయంత్రం నా దగ్గరికొచ్చి, "కంట్లో గరగర అంటంది, చూడు అల్లుడా" అన్నాడు. చీకటి పడింది, నాకు వేరే పని ఉంది. "నలుసు పడుంటది, పొద్దుటికి పోద్దిలే మామా" అన్నాను.

రెండో రోజు ఇంట్లోవాళ్లు ఆకు పసరు పిండారు. మూడో రోజు కన్ను ఎర్రగా వాచింది. సంతలో ఒకాయన చుక్కల మందు ఇచ్చాడు. అది వేసుకోగానే ఎరుపు తగ్గింది, నొప్పి కూడా కాస్త తగ్గింది. మందు బాగా పనిచేసిందని అందరం సంతోషపడ్డాం. ఆరో రోజు నల్లగుడ్డు మీద బియ్యపు నూకంత తెల్లచుక్క కనపడింది. తొమ్మిదో రోజు బస్సెక్కించి పట్నం తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ చూసి, బూజు పట్టి పుండు లోపలికి దిగిపోయిందని చెప్పింది. నెలల తరబడి మందులు వాడితే పుండు మానింది గానీ నల్లగుడ్డు మీద పువ్వు మిగిలిపోయింది. ఇప్పుడు ఆ కంటికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదు.

మామ ఇప్పటికీ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ తొమ్మిది రోజుల్లో మేం ఏమేం తప్పులు చేశామో తర్వాత నేర్చుకున్నాను. అవే మీకు చెప్పాలని వచ్చాను.

కంటి ముందు భాగంలో నల్లగుడ్డు మీద అద్దం లాంటి పొర ఒకటి ఉంటుంది. దాన్ని కార్నియా అంటారు. మందం మధ్యలో అర మిల్లీమీటరు చిల్లర, అంతే. వెలుగు దాని గుండా పోవాలి కాబట్టి అందులో రక్తనాళాలు ఉండవు. ముల్లో, ఆకు అంచో, వరి ఊకో, వెదురు చీలికో తగిలితే దాని పైపొర గీసుకుపోతుంది. ఆ గీత చాలాసార్లు ఒకటి నుంచి మూడు రోజుల్లో తనంతట తానే పూడుకుంటుంది. ఇబ్బంది ఎక్కడంటే, ఆ పైపొరే కంటికి తలుపు. తలుపు తెరిచి ఉన్న ఆ కొద్ది గంటల్లో సూక్ష్మజీవులు లోపలికి దూరితే గీత పుండవుతుంది. పుండు మానినా మచ్చ ఉండిపోతుంది. దాన్నే మన పెద్దవాళ్లు కంట్లో పువ్వు అంటారు.

అడవిలో, పొలంలో తగిలే దెబ్బకి ఇంకో ప్రమాదం ఉంది. ముళ్ల మీద, ఎండుటాకుల మీద, మట్టిలో బూజు జాతి జీవులుంటాయి. ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ అనేవి వాటిలో ముఖ్యమైనవి. 1990ల్లో తమిళనాడులోని మధురైలో కంటి పుండ్లు పరీక్షించి చూస్తే దాదాపు సగం బూజు వల్ల వచ్చినవేనని తేలింది. బూజు పుండుకి మామూలు యాంటిబయాటిక్ చుక్కలు పనిచేయవు. వేరే మందు కావాలి, అది కూడా వారాల తరబడి వాడాలి.

మరి గీత పుండు కాకుండా ఆపగలమా? నేపాల్‌లో భక్తపూర్ అనే జిల్లాలో దీన్ని పరీక్షించి చూశారు. ఆ ఫలితాలు 2001లో అచ్చయ్యాయి. ఊళ్లలోని మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చారు. కంటికి దెబ్బ తగిలినవాళ్లు వస్తే రంగు కాగితంతో గీత ఉందో లేదో చూసి, ఉంటే 1 శాతం క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ రోజుకి మూడుసార్లు చొప్పున మూడు రోజులు పెట్టారు. అలా 442 మందికి వైద్యం చేస్తే 424 మందికి పుండు పడకుండానే మానింది. దెబ్బ తగిలిన 18 గంటల లోపు మందు మొదలుపెట్టినవాళ్లలో ఒక్కరికి కూడా పుండు పడలేదు. పుండ్లు పడింది ఆలస్యంగా వచ్చినవాళ్లకే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. అందులో మందు వాడనివాళ్లని పక్కన పెట్టి పోల్చి చూడలేదు. తర్వాత నేపాల్‌లోనే ఊళ్లకి ఊళ్లని పోల్చి చేసిన పెద్ద పరీక్షలో, కార్యకర్తలున్న ఊళ్లలో పుండ్లు తగ్గినట్టు కనపడలేదు. కాబట్టి ట్యూబు మంత్రం కాదు. అయినా ఒక సంగతి ఏ కంటి డాక్టరైనా ఒప్పుకుంటారు. గీత పడిన కన్నుని మొదటి రోజే చూపించినవాడి పరిస్థితికీ, తొమ్మిదో రోజు చూపించినవాడి పరిస్థితికీ పోలికే లేదు. మా మామ మొదటి రోజు సాయంత్రమే నా దగ్గరికొచ్చాడు. ఆయన ఆలస్యం చేయలేదు, నేను చేశాను.

ఇప్పుడు ఆకు పసరు సంగతి. మన మూలికల తెలివిని నేను తక్కువ చేయను. అడవిని మనకన్నా బాగా చదివినవాళ్లు లేరు. కానీ గీత పడిన కంట్లో ఏ ఆకు పసరూ పోయకూడదు. ఆకు మంచిదైనా, దాన్ని నలిపిన రాయికీ, పిండిన చేతికీ, వడగట్టిన గుడ్డకీ మట్టి ఉంటుంది. మనమే బూజుని తీసుకుపోయి తెరిచిన తలుపులో పోసినట్టవుతుంది. చనుబాలు పిండటం, నాలుకతో నలుసు తీయటం, తేనె పెట్టటం, ఆముదం వేయటం అన్నీ అంతే.

తిన్నడి కథ మీకందరికీ తెలుసు. వేటగాడు, మనలాంటివాడు. శివుడి కంట్లో నెత్తురు కారుతుంటే ముందు తనకి తెలిసిన మూలికలు తెచ్చి పసరు పిండాడు. నెత్తురు ఆగలేదు. ఆ తర్వాతే తన కన్ను పెకలించి పెట్టాడు. గుడిలో కథ చెప్పేవాళ్లు భక్తి గురించి చెబుతారు. నాకు మాత్రం పసరు పనిచేయలేదన్న ముక్కే గుర్తుంటుంది. ఇప్పుడు బతికున్నవాళ్లు కన్ను పీక్కోనక్కర్లేదు. చనిపోయినవాళ్ల కార్నియా తీసి, పువ్వు పడిన కంటికి వేస్తారు. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఉన్న రామయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి 1989 నుంచి ఈ పని చేస్తోంది. అయితే బూజు తినేసిన కంటికి అది కూడా అన్నిసార్లూ నిలవదు. అందుకే పుండు పడకుండా చూసుకోవటమే అన్నిటికన్నా మేలు.

ఇక సంతలో ఇచ్చిన చుక్కలు. అందులో స్టిరాయిడ్ ఉంది. స్టిరాయిడ్ ఎరుపునీ వాపునీ తగ్గిస్తుంది. ఒంట్లోని సైన్యాన్ని కూడా నిద్రపుచ్చుతుంది. పైకి కన్ను తెల్లబడుతుంది, లోపల బూజు విచ్చలవిడిగా పెరుగుతుంది. అది చెడ్డ మందేం కాదు, డాక్టరు పరీక్ష చేసి అవసరమైతే రాస్తారు. చూడకుండా ఇస్తేనే ప్రమాదం. మీరు చదువుకున్నవాళ్లు. ఇంట్లో ఎవరికైనా కంటి చుక్కలు తెస్తే సీసా మీద ఇంగ్లీషులో రాసింది చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అని గానీ, వాటితో మొదలయ్యే పేరు గానీ కనపడితే, డాక్టరు చూసి రాసినవా కాదా అని అడగండి. కాకపోతే వేయనీకండి. మీరు చదివిన పదో తరగతి ఇంట్లో ఒక కన్నుని కాపాడిందంటే అంతకన్నా ఏం కావాలి?

దెబ్బల్లో రకాలున్నాయి. ఏ దెబ్బకి ఏం చేయాలో ఒక్కొక్కటిగా చెబుతాను, గుర్తుపెట్టుకోండి.

నలుసు పడితే నలపొద్దు. చేతులు కడుక్కుని, శుభ్రమైన నీళ్లు ధారగా పోస్తూ కన్ను ఆర్పమనండి. పోకపోతే, లేదా పోయాక కూడా గరగర, నొప్పి ఉంటే గీత పడిందనుకుని అదే రోజు ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో, పీహెచ్‌సీలోనో చూపించండి. గుడ్డతో బిగించి కట్టొద్దు.

ముల్లు గానీ, ఇనప రజను గానీ, బాణపు ముక్క గానీ కంట్లో దిగి ఉంటే పీకొద్దు, కడగొద్దు, మందు వేయొద్దు, నొక్కొద్దు. టీ తాగే పేపరు కప్పు ఒకటి కంటి మీద బోర్లించి, చుట్టూ ఎముక మీద ఆనేట్టు ప్లాస్టర్ వేసి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోండి. నల్లగుడ్డు ఆకారం మారినా, కంట్లోంచి జిగురుగా ఏదైనా బయటికొచ్చినా ఇదే పద్ధతి.

సున్నం పడితే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. ఆకు వక్కలోకో పొగాకులోకో వాడే సున్నం ప్లాస్టిక్ పొట్లాలు పిల్లలు నొక్కి ఆడుకుంటారు, చిట్లి కంట్లో పడుతుంది. సున్నం కార్నియాని కాలుస్తూ లోపలికి పోతూనే ఉంటుంది. ఆసుపత్రికి బయల్దేరే ముందే కడగాలి. కుండలో నీళ్లయినా, బోరు నీళ్లయినా సరే. రెప్పలు విడదీసి పట్టుకుని కనీసం 15 నిమిషాలు పోయాలి, అరగంట పోస్తే ఇంకా మంచిది. రెప్పల కింద ముద్దలుంటే తడి గుడ్డతో నెమ్మదిగా తీయాలి. ఆ తర్వాతే బండెక్కాలి. పురుగుల మందు పడినా, బ్యాటరీ యాసిడ్ పడినా ముందు కడగటమే.

జిల్లేడు పాలు మోసం చేస్తాయి. కంట్లో పడితే మొదట నొప్పి అంతగా ఉండదు, తర్వాత చూపు మసకబారుతుంది. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. జెముడు పాలు పడితే మంటే మంట. రెండిటికీ బాగా కడిగి, అదే రోజు చూపించాలి.

తేనె కొట్టేవాళ్లకి కంటి దగ్గర ఈగ కుట్టటం మామూలే. రెప్ప మీద కుడితే కొండిని వెంటనే తీసేసి చల్లటి గుడ్డ వేయండి. గుడ్డు మీద కుడితే కొండిని మీరు గీకి తీయొద్దు, కంటి డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

ఎర్రబడిన ప్రతి కన్నూ ప్రమాదం కాదు. 2023 వానాకాలంలో మన రాష్ట్రమంతా కండ్లకలక వచ్చింది, గుర్తుందా? హాస్టళ్లు హాస్టళ్లే ఎర్రకండ్లతో కూర్చున్నాయి. అది ఎక్కువగా వైరస్ వల్ల వస్తుంది. పొద్దున్నే రెప్పలు అతుక్కుపోతాయి, నీళ్లు కారతాయి, దురద ఉంటుంది. ఒక కంటికి వచ్చి రెండో కంటికి పాకుతుంది. చూపు మాత్రం తగ్గదు. ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది. చూస్తే అంటుకుంటుందనేది ఒట్టిమాట. చేతులు, తువ్వాళ్లు, దిండ్ల ద్వారా అంటుకుంటుంది. తువ్వాలు వేరు చేసి, చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలావరకు ఆగుతుంది.

మరి ఏది కండ్లకలక, ఏది ప్రమాదం? ఐదు ప్రశ్నలు వేయండి. నొప్పి బాగా ఉందా? చూపు తగ్గిందా? వెలుగు చూడలేకపోతున్నాడా? టార్చి వేసి చూస్తే నల్లగుడ్డు మీద తెల్లచుక్క ఉందా? ఎరుపు రాకముందు ఏదైనా తగిలిందా? ఒక్కదానికి అవునని వచ్చినా అది కండ్లకలక అనుకోవద్దు, ఆ రోజే ఆసుపత్రి. ఈ ఐదు నాకు ఆ సాయంత్రం తెలిసుంటే మామ కన్ను ఉండేదేమో.

దెబ్బ కాకుండా నెమ్మదిగా చూపు తీసేవి కూడా ఉన్నాయి. 1996 నుంచి 2000 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎల్.వి. ప్రసాద్ ఆసుపత్రివాళ్లు 10,293 మందిని పరీక్షించారు. చూపు లేనివాళ్లు నూటికి 1.84 మంది. అందులో ఎక్కువమందికి కారణం శుక్లం, దాని తర్వాత కళ్లద్దాలతో సరిపోయే లోపం. అంటే చిన్న ఆపరేషన్‌తోనో, ఒక జత అద్దాలతోనో పోయే గుడ్డితనమే ఎక్కువ. శుక్లానికి చుక్కల మందు లేదు, ఎవరమ్మినా నమ్మొద్దు. ఆపరేషనే మందు. నీటికాసులు వేరు. అందులో పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది మాత్రం మందులతో నిలుపుకోవచ్చు. అందుకే నలభై దాటినవాళ్లని ఒకసారి పరీక్షకి తీసుకుపోండి. చిన్న పిల్లలు మునిమాపు వేళ తడుముకుంటూ నడుస్తుంటే అది రేచీకటి, విటమిన్ ఏ లోపం. తొమ్మిదో నెల నుంచి ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి విటమిన్ ఏ ద్రావణం తొమ్మిది మోతాదులు ఇవ్వాలి. మీ అంగన్‌వాడీలో ఇస్తున్నారో లేదో అడగండి. మునగాకు, పొన్నగంటికూర మానొద్దు.

గూడెంలో మీరే చేయగలిగే పరీక్ష ఒకటి చెబుతాను. మూడు మీటర్ల దూరంలో నిలబడి వేళ్లు చూపించి ఎన్నో చెప్పమనండి. ఒక కన్ను మూసి ఒకసారి, రెండోది మూసి ఇంకోసారి చూడాలి. రెండూ తెరిచి చూస్తే ఒక కన్ను పోయిన సంగతి ఆ మనిషికే తెలియదు. వేళ్లు లెక్కపెట్టలేకపోతే ఆ పేరు రాసుకోండి. లెక్కపెట్టగలిగినా మసకగా ఉందంటే వాళ్ల పేరు కూడా రాసుకోండి. ఒక ఆదివారం పూట పని ఇది.

ఇప్పుడు ఆ పేర్లతో ఏం చేయాలో చెప్పి ముగిస్తాను.

నేను చేసిన తప్పు నాది. కానీ ఆ తొమ్మిది రోజులూ నా ఒక్కడివే కాదు. గూడెం నుంచి దోర్నాల రావాలి. దోర్నాల నుంచి మార్కాపురం సుమారు 30 కిలోమీటర్లు. పెద్ద కంటి ఆసుపత్రి కావాలంటే నల్లమల దాటి కర్నూలు పోవాలి, లేదా గుంటూరు పోవాలి. రాత్రయితే ఘాట్ రోడ్డు మీద అటవీ గేట్లు మూస్తారు. పులుల కోసం మూయటాన్ని నేను తప్పుపట్టను. కానీ కంట్లో సున్నం పడిన పిల్లని తీసుకుని గేటు దగ్గర బతిమాలాల్సిన అవసరం రాకూడదు. రాత్రి అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు ప్రతి గూడెం గోడ మీద ఉండాలని అడుగుదాం.

చెంచుల కోసమని శ్రీశైలంలో ఐటీడీఏ పెట్టారు. చెంచులు అత్యంత వెనుకబడిన ఆదిమ తెగల జాబితాలో ఉన్నారు. అలాంటి తెగల కోసం 2023 నవంబరు 15న కేంద్రం పీఎం జన్‌మన్ మొదలుపెట్టింది, అందులో సంచార వైద్య వాహనాలు కూడా ఒక భాగం. ఆ బండి మీ గూడేనికి ఎన్ని రోజులకోసారి వస్తోంది? అందులో కంటి పరీక్ష ఉందా? మన గూడేలు ఐదో షెడ్యూల్ కిందికి రావు, కాబట్టి ఏజెన్సీకి ఉన్న చట్టాలు మనకి అలవోకగా అందవు. అడిగినవాళ్లకే అందుతాయి.

అడగాల్సినవి పెద్దవేం కావు. ప్రతి ఆశా కార్యకర్త సంచిలో కంటి ఆయింట్‌మెంట్, దాన్ని ఎప్పుడు వాడాలో ఎప్పుడు వాడకూడదో శిక్షణ. పీహెచ్‌సీకి కంటి పరీక్ష చేసే ఉద్యోగి వచ్చే రోజు ముందే చెప్పటం. శుక్లం ఆపరేషన్‌కి తీసుకుపోయినవాళ్లని మళ్లీ గూడెం దాకా దింపటం, తర్వాతి పరీక్షకి తీసుకుపోవటం. మీరు వేళ్లు చూపించి రాసుకున్న పేర్ల జాబితా చేతిలో ఉంటే ఈ మాటలకి బరువొస్తుంది. ఊరికే "మాకు కంటి వైద్యం కావాలి" అంటే చూస్తాంలే అంటారు. "మా గూడెంలో పద్నాలుగు మందికి వేళ్లు కనపడటం లేదు, ఇవిగో పేర్లు" అంటే తప్పించుకోలేరు.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. రేపు పొద్దున మీ అత్తో, మామో, పొలం నుంచి వచ్చిన చెల్లెలో "కంట్లో గరగర అంటంది" అంటే, టార్చి తీసుకుని వెలుగులో కూర్చోబెట్టి చూడండి. ఆ ఐదు ప్రశ్నలు అడగండి. తెల్లారేదాకా చూద్దాంలే అనొద్దు.

నేనన్నాను. మీరు అనకండి.